శాఖలకు, విభాగాలకు సంఘం సైట్లో చోటు: ముందే రాసుకోవాల్సిన షరతులు

అడిగింది క్లుప్తంగా ఇది: రాష్ట్ర స్థాయి డాక్టర్ల సంఘం. జిల్లా శాఖలు, వాటితో పాటు పదీ పన్నెండు స్పెషాలిటీ విభాగాలు. కొందరు ఇప్పటికే సొంత సైట్లు పెట్టుకున్నారు, మిగతావాళ్లు మాకూ కావాలంటున్నారు. సంఘం సర్వర్ మీదే అందరికీ చోటిస్తే ఏ నియమాలు పెట్టాలి? సబ్‌డొమైన్ (సంఘం చిరునామాకు ముందు శాఖ పేరు) ఇవ్వాలా, ఫోల్డర్ (చిరునామా తర్వాత గీత పెట్టి శాఖ పేరు) చాలా?

సబ్‌డొమైనా ఫోల్డరా అన్న సంగతి తర్వాత. ముందు తేల్చాల్సింది ఆ పేజీ ఎవరిదన్నది. సంఘాల్లో కార్యవర్గం ఏటా, లేదంటే రెండేళ్లకోసారి మారుతుంది. సెక్రటరీ మారినప్పుడు మినిట్స్ పుస్తకం, చెక్‌బుక్కు, రబ్బరు స్టాంపు కొత్తాయన చేతికొస్తాయి. పాస్‌వర్డు మాత్రం పాత సెక్రటరీ గారి ఫోన్లోనే ఉండిపోతుంది, ఓటీపీ కూడా ఆయన నంబరుకే వెళుతుంది. సంఘాల సైట్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, హ్యాకింగ్ దాని తర్వాతే. కాబట్టి మీ నియమావళిలో మొదటి వాక్యం ఇలా ఉండాలి: "శాఖ లేదా విభాగం పేజీ, దాని చిరునామా, అందులోని ఫైళ్లు, లాగిన్‌లు సంఘం ఆస్తి. పదవిలో ఉన్నవారు వాటిని సంఘం తరఫున నిర్వహిస్తారు."

దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. విడిగా సొసైటీగా రిజిస్టర్ కాని శాఖ సంఘంలో భాగమే. దాని పేజీలో ఏం పడినా నోటీసు సంఘం చిరునామాకే వస్తుంది. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద విడిగా రిజిస్టర్ అయిన శాఖ ఏదైనా ఉంటే దానితో రెండు పేజీల ఒప్పందం రాసుకోండి, మిగతా వాటికి నియమావళి చాలు.

ఎవరికి ఇవ్వాలన్న దాంట్లో మొహమాటం పనికిరాదు. కార్యవర్గ తీర్మానం నంబరు, తేదీ లేకుండా పేజీ తెరవకండి. తీర్మానంలోనే ఇద్దరు ఎడిటర్ల పేర్లుండాలి. ఇద్దరిలో ఒకరు వచ్చే ఏడాదీ కొనసాగేవాళ్లయితే మంచిది, లేదంటే ఇద్దరూ ఒకే రోజు దిగిపోతారు. పూర్తి సైటు కావాలన్న విభాగాన్ని ఒక్కటే అడగండి: వచ్చే ఆరు నెలల్లో ఏమేం పెడతారో ఆరు అంశాలు రాసివ్వమని. రాసివ్వలేకపోతే ఒక్క పేజీ ఇవ్వండి. కమిటీ పేర్లు పదవీకాలంతో సహా, రాబోయే కార్యక్రమం, గడిచిన ఏడాది కార్యక్రమాలు, సభ్యత్వం ఎలా తీసుకోవాలి, హోదా పేరుతో ఒక ఈమెయిల్ ఉంటే చాలు. చాలా విభాగాలకు ఇంతకు మించి అవసరం పడదు, కానీ మెనూలో పది బటన్లు అడుగుతారు. ఖాళీ గ్యాలరీ, "త్వరలో" అని రాసిన జర్నల్ పేజీ విభాగానికి పేరు తేవు.

ఇప్పుడు చోటు సంగతి. ఎక్కువ సంఘాల సైట్లు వర్డ్‌ప్రెస్ అనే సైట్ల తయారీ సాఫ్ట్‌వేర్ మీదే ఉంటాయి కాబట్టి దానికే చెబుతాను. అందులో మల్టీసైట్ అనే పద్ధతి ఉంది. ఒకే ఇన్‌స్టలేషన్ మీద శాఖకొక సైటు నడుస్తుంది. థీమ్‌లు (సైటు రూపం), ప్లగిన్‌లు (అదనపు పనులకు తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఎక్కించే అధికారం అన్ని సైట్లనూ చూసే సూపర్ అడ్మిన్‌కే ఉంటుంది, శాఖ అడ్మిన్‌కు ఉండదు. మీకు కావలసింది సరిగ్గా ఇదే. శాఖ వాళ్లు ఎక్కడో దొరికిన ఉచిత ప్లగిన్ వేసి, రెండేళ్లు అప్‌డేట్ చేయక, దాని సందులోంచి ఆన్‌లైన్ జూదం పేజీలు వచ్చి కూర్చునే ప్రమాదం తగ్గుతుంది.

దీనికీ ఇబ్బందులున్నాయి. మీ సైటు నెల కంటే పాతదైతే, మల్టీసైట్ ఆన్ చేసేటప్పుడు ఫోల్డర్ పద్ధతి మామూలుగా చూపించదు, సబ్‌డొమైన్ పద్ధతి ఒక్కటే చూపిస్తుంది. పాత పేజీల చిరునామాలతో శాఖల పేర్లు ఢీకొంటాయన్న భయంతో అలా పెట్టారు. ఇంకోటి బ్యాకప్. అన్ని శాఖల సమాచారం ఒకే డేటాబేస్‌లో, శాఖ నంబరు ముందు తగిలించిన వేర్వేరు టేబుళ్లలో ఉంటుంది. ఒక శాఖ వాళ్లు పొరపాటున అన్నీ తుడిచేస్తే మొత్తం బ్యాకప్‌ను వెనక్కి తిప్పడం కుదరదు, మిగతా శాఖల నిన్నటి పని పోతుంది. ఆ ఒక్క శాఖ టేబుళ్లు, ఆ నంబరు అప్‌లోడ్ ఫోల్డరు మాత్రమే తీసి పెట్టాలి. మీ హోస్టింగ్ చూసే కుర్రాడికి ఈ పని వచ్చో రాదో ముందే ఒక ఉత్తుత్తి శాఖ మీద చేయించి చూడండి. డేటాబేస్ రోజూ, ఫైళ్లు వారానికోసారి, ఒక ప్రతి వేరే కంపెనీ సర్వర్‌లో. ఆరు నెలలకోసారి తిరిగి పెట్టి చూడాలి. తిరిగి పెట్టి చూడని బ్యాకప్‌ను లెక్కలో వేసుకోవద్దు.

అప్‌లోడ్ ఫైలు పరిమితి మల్టీసైట్‌లో మొదట 1,500 కేబీ ఉంటుంది. పీడీఎఫ్‌ల కోసం 5 ఎంబీ చేయండి, అంతకు మించొద్దు. శాఖకు మొత్తం 500 ఎంబీ. వీడియోలు సంఘం యూట్యూబ్ ఛానెల్లో పెట్టి ఇక్కడ లింకు ఇవ్వాలి. ఫొటోలు 1,600 పిక్సెల్స్ వెడల్పుకు కుదించి, 300 కేబీ లోపు.

ఫోల్డరు, సబ్‌డొమైన్ రెండూ కుదిరే పరిస్థితి ఉంటే నా సలహా ఫోల్డరే. ఒక సర్టిఫికెట్ (సైటుకు https తాళం గుర్తు ఇచ్చేది), ఒక డీఎన్‌ఎస్ ఎంట్రీ (పేరు ఏ సర్వర్‌దో చెప్పే నమోదు), పర్యవేక్షణ ఒకచోట. సబ్‌డొమైన్‌లే వాడాల్సి వస్తే అన్ని సబ్‌డొమైన్‌లకూ ఒకటే సరిపోయే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకోండి. అది ఒక్క అంచెకే పనిచేస్తుంది, సబ్‌డొమైన్ కింద మరో సబ్‌డొమైన్‌కు చెల్లదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల ఉచిత సర్టిఫికెట్ గడువు 90 రోజులు, వైల్డ్‌కార్డ్‌కు డీఎన్‌ఎస్ ద్వారా ధ్రువీకరణ తప్పనిసరి. డబ్బు పెట్టి కొన్నా ఏడాదికోసారి చూసుకుందామనే రోజులు పోయాయి. గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47 రోజులే. ఆటోమేటిక్ రెన్యువల్ లేని హోస్టింగ్ తీసుకోకండి.

సబ్‌డొమైన్‌ను బయటి సర్వీసు వైపు మళ్లించమని ఏదో ఒక శాఖ అడుగుతుంది. "మా అబ్బాయి సైటు చేసిపెట్టాడు, మీరు సీనేమ్ ఒక్కటి పెడితే చాలు" అంటారు. ఇక్కడ జాగ్రత్త. సీనేమ్ అంటే మీ చిరునామాను బయటి సర్వర్ వైపు చూపించే డీఎన్‌ఎస్ ఎంట్రీ, అంటే మీ పేరు కింద ఒక తలుపు పెట్టి, తాళం వాళ్లకివ్వడం. రెండేళ్లకు ఆ అబ్బాయి ఉద్యోగంలో చేరి ఆ ఉచిత ఖాతా మూసేస్తాడు. సైటు పోతుంది, మీ డీఎన్‌ఎస్‌లో సీనేమ్ మిగిలిపోతుంది. ఆ సర్వీసులో అదే పేరుతో ఇంకొకడు ఖాతా తెరిస్తే, మీ సంఘం పేరున్న చిరునామా కింద వాడికి నచ్చింది పెట్టుకోవచ్చు. పాస్‌వర్డు దొంగిలించనక్కర్లేదు, సర్వర్‌లో చొరబడనక్కర్లేదు. దీన్నే సబ్‌డొమైన్ టేకోవర్ అంటారు. బయటి సర్వీసుకు మళ్లించకూడదని ఒక్క వాక్యంలో రాసేయండి. తప్పనిసరై ఇచ్చిన వాటికి ఒక షీట్ పెట్టి, ఏ ఎంట్రీ ఎవరి కోసం, ఏ తీర్మానంతో, ఎప్పటిదాకా అన్నది రాసుకోండి. మూడు నెలలకోసారి ఆ షీటు తీసి ప్రతి చిరునామా తెరిచి చూడాలి.

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపే పనిముట్టు) డొమైన్ మొత్తాన్ని డీఎన్‌ఎస్ ద్వారా ధ్రువీకరించుకుంటే సబ్‌డొమైన్‌లన్నీ ఒకేచోట కనిపిస్తాయి. సైటును ఏయే మాటలతో వెతికి వస్తున్నారో నెలకోసారి చూడండి. జనరల్ మెడిసిన్ విభాగం పేజీకి క్యాసినో పేర్లతో జనం వస్తుంటే సంగతి అర్థమవుతుంది. మామూలుగా తెరిస్తే పేజీ బాగానే ఉంటుంది, చొరబడినవాళ్లు గూగుల్‌కు మాత్రమే జూదం పేజీ చూపించేలా రాస్తారు. అందుకే శాఖ వాళ్లు "మా దగ్గర బాగానే ఉంది సార్" అంటారు, అబద్ధం చెప్పడం లేదు.

వార్షిక సదస్సుల డొమైన్‌లది ఇంకో బెడద. ప్రతి ఏడాదీ ఆతిథ్య శాఖ సదస్సు పేరుతో, ఏడాది సంఖ్యతో ఒక కొత్త డొమైన్ కొంటుంది. సదస్సు అయిపోతుంది, మరుసటి ఏడాది రెన్యువల్ ఎవరూ కట్టరు. డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటివైతే గడువు తీరాక డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్ కంపెనీని బట్టి 45 రోజుల వరకు మామూలు రుసుముతో, ఆపై 30 రోజులు భారీ అపరాధ రుసుముతో తెచ్చుకోవచ్చు. తర్వాత 5 రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. కొంటారు కూడా, ఎందుకంటే ఆ డొమైన్‌కు మెడికల్ కాలేజీల సైట్ల నుంచి, పత్రికల నుంచి లింకులు ఉంటాయి, సెర్చ్‌లో దానికి విలువ ఉంటుంది. సదస్సు పేజీ సంఘం సైట్లోనే, ఏడాది సంఖ్యతో ఒక ఫోల్డర్‌గా ఉండాలన్న నియమం పెట్టండి. బ్రోచర్ మీద పొట్టి పేరు కావాలని పట్టుబడితే డొమైన్‌ను సంఘమే సంఘం పేరుతో కొని, ఫోల్డర్ వైపు మళ్లించి, కనీసం 5 ఏళ్లకు ఒకేసారి కట్టేయాలి. గరిష్ఠంగా 10 ఏళ్లకు కట్టొచ్చు. ఆ ఖర్చు సదస్సు బడ్జెట్‌లో ముందే వేయండి.

ఈమెయిల్‌కు ఒక పేరా చాలు. సెక్రటరీ హోదా, జిల్లా పేరు కలిపి చిరునామా ఇవ్వండి, సొంత జీమెయిల్ పేజీలో పెట్టనివ్వకండి. శాఖలు తమకు నచ్చిన బల్క్ మెయిల్ సర్వీసుతో సంఘం డొమైన్ పేరున మెయిళ్లు పంపకూడదు. ప్రతి సర్వీసు కోసం మీ ఎస్‌పీఎఫ్ రికార్డులో (మీ పేరున మెయిల్ ఎవరు పంపొచ్చో చెప్పే డీఎన్‌ఎస్ ఎంట్రీ) ఒకటి చేర్చాలి, అందులో 10 లుకప్‌లకు, అంటే వేరే రికార్డులను వెతికే అడుగులకు, మించకూడదు. పదకొండోది చేరిన రోజున ఆ రికార్డు మొత్తం చెల్లదు, రాష్ట్ర కార్యాలయం పంపే మెయిళ్లు కూడా స్పామ్‌లోకి పోవడం మొదలవుతుంది. కారణం ఎవరికీ తట్టదు.

సభ్యుల వివరాల దగ్గర కాస్త గట్టిగా ఉండాలి. శాఖలు చేసే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: పేరు, మొబైల్, ఇంటి చిరునామా, పుట్టినరోజు, పెళ్లిరోజు ఉన్న ఎక్సెల్ షీటును "సభ్యుల జాబితా" అని ఎక్కించడం. ఎవరో అభ్యంతరం చెబితే పేజీలో లింకు తీసేస్తారు. ఫైలు సర్వర్‌లో అలాగే ఉంటుంది, చిరునామా తెలిసినవాళ్లకు తెరుచుకుంటుంది, సెర్చ్‌లోనూ దొరుకుతుంది. మీడియా లైబ్రరీలోకి వెళ్లి ఫైలునే తొలగించాలి, ఆపై సెర్చ్ కన్సోల్‌లో తొలగింపు అభ్యర్థన పెట్టాలి. ఎడిటర్లకు ఇచ్చే శిక్షణలో ఈ రెండు అడుగులు చేయించి చూపించండి. గూగుల్ ఫారాలతో ఇంకో చిక్కు. ఫలితాల సారాంశం అందరికీ చూపించాలన్న సెట్టింగ్ ఆన్ చేస్తే నింపిన ప్రతివాళ్లకూ మిగతావాళ్ల జవాబులు కనిపిస్తాయి. ఫారం ఒకరి సొంత ఖాతాలో ఉంటే ఆయన దిగిపోయాక ఆ వివరాలూ ఆయనతోనే పోతాయి. ఫారాలు సంఘం ఖాతాలోనే తయారుకావాలి, కార్యక్రమం అయిన 90 రోజులకు వివరాలు తీసేయాలి, హాజరు జాబితా వరకు ఉంచుకోవాలి.

చట్టం సంగతి తెలిసే ఉంటుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. భద్రతా చర్యలు తీసుకోనందుకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. శాఖ చేసిన పొరపాటైనా వివరాలు సేకరించింది సంఘం పేరుతోనే. వివరాలు బయటికి పొక్కితే సంబంధిత సభ్యులకు, డేటా రక్షణ బోర్డుకు వెంటనే చెప్పాలి, బోర్డుకు 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలి. సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం హ్యాకింగ్ లాంటివి తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి, సర్వర్ లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం తెరిచారన్న నమోదులు) 180 రోజులు దాచాలి. చవక హోస్టింగ్‌లో లాగ్‌లు వారానికే చెరిగిపోతుంటాయి, అడిగి తెలుసుకోండి. శాఖకు రాయాల్సింది చిన్నదే: "అనుమానం వచ్చిన గంటలోపు రాష్ట్ర కార్యాలయానికి ఫోన్ చేయాలి, ఏదీ చెరపకూడదు." చెరిపేసి చెప్పడం మామూలుగా జరిగేదే, దాంతో ఎలా వచ్చారో తెలిసే దారి మూసుకుపోతుంది.

డాక్టర్ల సంఘం కాబట్టి వృత్తి నియమాలూ చూసుకోవాలి. 2023 ఆగస్టులో వచ్చిన జాతీయ మెడికల్ కమిషన్ కొత్త నిబంధనలను అదే నెల నిలిపివేశారు, కాబట్టి 2002 నాటి ప్రవర్తనా నియమాలే నడుస్తున్నాయి. వాటి ప్రకారం రోగులను తనవైపు తిప్పుకునే ప్రచారం డాక్టరే కాదు, డాక్టర్ల బృందమూ, సంస్థా చేయకూడదు. అందుకని "మా విభాగం సభ్యులు" పేజీలో పేరు, అర్హత, ఊరు, సభ్యత్వ సంఖ్య చాలు. ఆసుపత్రి ఆఫర్లు, "నగరంలోనే మొదటిసారి" లాంటి మాటలు, సక్సెస్ రేట్లు వద్దు. రోగిని గుర్తుపట్టేలా ఉన్న ఫొటో అనుమతి లేకుండా ప్రచురించకూడదు. కళ్ల మీద నల్లపట్టీ వేశాం కదా అంటారు. పుట్టుమచ్చ, పచ్చబొట్టు, ఎక్స్‌రే మూలన ఉన్న పేరు, వయసు ఏమవుతాయి? వైద్య శిబిరాల ఫొటోలదీ అదే సమస్య, ముఖ్యంగా పిల్లలవి. ఉచిత శిబిరంలో వరసలో నిలబడినంత మాత్రాన ఫొటోకు ఒప్పుకున్నట్టు కాదు.

సీఎంఈ (డాక్టర్ల నిరంతర వైద్య విద్య) కార్యక్రమాలకు క్రెడిట్ గంటలు ఇంకా మంజూరు కాకుండానే ఫ్లయర్‌లో సంఖ్య వేస్తుంటారు. 5 ఏళ్లలో 30 గంటల లెక్క ఉంది కాబట్టి జనం దాన్ని చూసే వస్తారు. మెడికల్ కౌన్సిల్ మంజూరు నంబరు వచ్చాకే సంఖ్య వేయాలని రాయండి, అప్పటిదాకా "దరఖాస్తు చేశాం" అనాలి. ఆ ఫ్లయర్‌ను కూడా వాట్సాప్‌లో వచ్చిన బొమ్మగా అలాగే అతికించనివ్వకండి. తేదీ, సమయం, హాలు, రుసుము, సంప్రదించాల్సిన వారు అన్నవి అక్షరాలుగా టైప్ చేసి, వాటి కింద బొమ్మను పెట్టాలి. బొమ్మలోని మాటలు సెర్చ్‌కు సరిగా దొరకవు, స్క్రీన్ రీడర్‌తో చదువుకునే డాక్టరుకు అసలు వినపడవు, ఫోన్లో పెద్దవి చేస్తే మసకబారతాయి.

స్పాన్సర్లకు ఒకే కొలత పెట్టండి: పేజీ అడుగున, "ఈ కార్యక్రమానికి సహకరించినవారు" అన్న శీర్షిక కింద, కంపెనీ పేరు మాత్రమే. మందు బ్రాండు పేరు వద్దు. లింకుకు స్పాన్సర్డ్ అన్న గుర్తు తగిలించాలి. కార్యక్రమం అయిన 60 రోజులకు తీసేయాలి. రుసుముల క్యూఆర్ కోడ్ సంఘం లేదా శాఖ ఖాతాదే ఉండాలి. కోశాధికారి గారి సొంత యూపీఐ తాత్కాలికంగా కూడా వద్దు, ఆడిట్‌లో ఆయనే ఇబ్బంది పడతారు.

తెలుగు పేజీల గురించి చాలా నియమావళులు మాట్లాడవు, మీరు రాయండి. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక ఇస్తే చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది. ఒక్కో తెలుగు సంకేతం శాతం గుర్తులతో ఎన్‌కోడ్ అయ్యాక 9 అక్షరాలవుతుంది, చిరునామాకు పరిమితి 200. అంటే గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా కలుపుకుని సుమారు 22 సంకేతాల దగ్గర తెగిపోతుంది. రెండు సభల పేర్లు ఒకేలా మొదలైతే చివర అంకె తప్ప తేడా ఉండదు, వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల తోరణంలా కనిపిస్తుంది. చిరునామాను చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో చేత్తో మార్చుకోవాలి, ప్రచురించే ముందే. అక్షరాల సైజు 17 లేదా 18 పిక్సెల్స్, వరస ఎత్తు 1.6 కంటే తక్కువ వద్దు. ఇంగ్లిష్ థీమ్‌లలో శీర్షికలకు 1.2 ఉంటుంది, "శస్త్రచికిత్స" లాంటి మాట రెండు వరసల శీర్షికలో వస్తే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. అక్షరాల మధ్య ఎడం సున్నా ఉండాలి. పాత బులెటిన్లు యూనికోడ్ కాని అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో చేసినవైతే పీడీఎఫ్ చూడ్డానికి బాగుంటుంది, కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి, వెతికితే దొరకదు. పీడీఎఫ్ పెట్టండి, పక్కనే విషయసూచిక యూనికోడ్‌లో టైప్ చేయించండి. ఒక సంచికకు అరగంట పని.

అధికార మార్పిడికి ఒక రోజు కేటాయించండి. కొత్త కార్యవర్గం ప్రమాణం చేసిన 15 రోజుల్లో పాత ఎడిటర్ల లాగిన్‌లు ఆగిపోవాలి, అది రాష్ట్ర కార్యాలయమే చేయాలి, ఎవరి అనుమతీ అడగకుండా. లాగిన్‌లు మనిషి పేరుతోనే ఉండాలి, శాఖ పేరుతో ఉమ్మడి పాస్‌వర్డు వద్దు. రెండంచెల ధ్రువీకరణ ఎస్‌ఎంఎస్‌తో కాకుండా యాప్‌తో పెట్టించండి. సూపర్ అడ్మిన్‌లు ఇద్దరుండాలి, ఒకరు జీతానికి పనిచేసే ఉద్యోగి అయితే మేలు. డొమైన్ రిజిస్ట్రార్ ఖాతాలో యజమానిగా సంఘం పేరు, హోదా ఈమెయిల్, కార్యాలయం ఫోన్ నంబరు ఉండాలి. ఇవాళే తెరిచి చూడండి, అక్కడ పదేళ్ల కిందటి సైటు తయారీదారు పేరు ఉంటే మిగతా పనులన్నీ ఆపి అది మార్పించండి. సంఘం ఎన్నికల నోటిఫికేషన్ నుంచి ఫలితాల దాకా శాఖల పేజీల్లో అభ్యర్థుల ఫొటోలు, విజ్ఞప్తులు ఉండకూడదన్న వాక్యం కూడా ఇక్కడే చేర్చండి, ఎన్నికలు వచ్చాక రాస్తే ఎవరికో వ్యతిరేకంగా రాసినట్టవుతుంది.

12 నెలలు ఏ మార్పూ లేని సైటుకు 30 రోజుల నోటీసు, ఆపై ఒకే పేజీకి కుదింపు. పాత కార్యక్రమాల వివరాలు తీసేయకండి, మార్చడానికి వీల్లేని స్టాటిక్ పేజీలుగా ఉంచండి. పైన "ఈ పేజీ ఇప్పుడు నిర్వహణలో లేదు" అని తేదీతో రాయాలి.

ఇప్పటికే సొంత సైట్లున్న శాఖలను బలవంతంగా మూయించొద్దు, గొడవవుతుంది. ఆరు నెలల గడువిచ్చి ముందు డొమైన్‌ను సంఘం రిజిస్ట్రార్ ఖాతాలోకి బదిలీ చేయించుకోండి. కొత్తగా కొన్న, లేదా ఈమధ్యే బదిలీ అయిన డొమైన్ 60 రోజులు కదలకపోవచ్చు, దాన్ని లెక్కలో వేసుకోండి. రెన్యువల్ ఖర్చు సంఘం భరిస్తే చాలా శాఖలు వెంటనే ఒప్పుకుంటాయి. తర్వాత విషయం కొత్త చోటికి తెచ్చి, ప్రతి పాత చిరునామానూ దాని కొత్త పేజీకి 301తో (శాశ్వత మళ్లింపు) మళ్లించాలి, అన్నింటినీ హోమ్ పేజీకి తోసేయకూడదు. మళ్లింపు కనీసం ఏడాది ఉండాలి, డొమైన్ రెన్యువల్ మాత్రం ఆ తర్వాత కూడా కడుతూనే ఉండండి.